మానిటర్ పుస్తకానికి వేసిన అట్ట

నసీమ్ ఇక లేదన్న కబురు మాకు మొదట తెచ్చినవాడు ఆమె తమ్ముడు కలీం. ఫోన్లో చెప్పి ఊరుకోవచ్చు. అలా చేయలేదు. చిట్యాల నుంచి నల్లగొండ దాకా బండి మీద వచ్చి, చెప్పులు గడప అవతలే విడిచి, నా మంచం పక్కన కింద కూర్చుని, అప్పుడు చెప్పాడు. "అక్కా, ఆపా పోయింది. మొన్న పొద్దుగాల, పాలమూరు దవాఖానల. ఆమె దగ్గర సదువుకున్న పిల్లలు ఇంటికి ఎంతమంది వచ్చిండ్రో తెల్సా? బజార్ల నిలవడ జాగ లేదు." నేను కళ్లు తుడుచుకున్నాను. అది దొంగ ఏడుపు కాదు. అయితే కన్నీళ్ల కంటే ముందు నా మనసులో కదిలింది వేరే సంగతి. నేను పోతే ఇంతమంది వస్తారా అని. అరవై దగ్గర పడినదాన్ని, తెల్లవారితే దీపం పెట్టి, దేవుడు ఇచ్చిన ఒక్కొక్కటీ తలుచుకుని దండం పెట్టుకునేదాన్ని, చనిపోయిన మనిషి మీద కూడా అసూయపడ్డాను.

కలీం సంచిలోంచి ఒక పల్చని పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. "గిది నీకే ఇయ్యాలని ఎప్పటిసందో చెప్పేది. ఏందక్కా గిది? పాత కంప్యూటర్ బుక్కు లెక్కున్నది." నేను ముట్టుకోకముందే గుర్తుపట్టాను. అది మా ఇంటికొచ్చిన ఒక మానిటర్‌తో పాటు వచ్చిన పుస్తకం. దాని అట్ట మాత్రం నేను వేసింది. పాత క్యాలెండర్ కాగితం, తెల్లని వెనుక వైపు బయటికి తిప్పి, వెన్ను మీద నీలం దారంతో మూడు కుట్లు, నాలుగు మూలలా పసుపు. పసుపు ఇప్పుడు మట్టిరంగుకు తిరిగింది. కుట్లు ఒక్కటీ ఊడలేదు.

ఆ అట్ట సంగతి చెప్పాలంటే మా బాపు సంగతి చెప్పాలి. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు నా కాళ్లను చిన్నప్పుడే తీసుకున్నాయి. ఆ నీళ్లు తాగి వంగిపోయినవాళ్లు మా వాడకట్టులో ఇంటికొకరు ఉండేవాళ్లు కనుక దాన్ని ఎవరూ పెద్ద కష్టంగా చెప్పుకునేవారు కాదు. బడి వాగు అవతల ఉండేది. నేను వాగు దాటలేను. అందుకని బాపే నాకు బడి అయ్యాడు. ఆయన ఊరి పోస్టుమాస్టరు. పొద్దున టపా సంచి రాకముందు లెక్కలు, మధ్యాహ్నం తెలుగు, పొద్దుగూకే ముందు ఒక గంట ఇంగ్లీషు. చిరిగిన కవర్లు విప్పి, లోపలి వైపు నాతో అక్షరాలు దిద్దించేవాడు. ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరం చూస్తే సంచుల ముద్రకు కరిగించే లక్క వాసన వస్తుంది నాకు, దాని వెనకాలే పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన. నాకు వచ్చిన చదువంతా ఆ రెండు వాసనల మధ్య వచ్చిందే. దానికి నేను దేవుడికి, బాపుకు ఎంత రుణపడి ఉన్నానో ఎంత రాసినా చాలదు.

బాపుకు కాగితం విషయంలో రెండు పట్టింపులు. రాత ఉన్న కాగితం కాలి కింద పడకూడదు. ఒకరికి చేరవలసిన కాగితం మన దగ్గర ఆగకూడదు. "అది మన సొమ్ము గాదు బిడ్డా, మన చేతిల వడ్డది, గంతే. ఒక్క పూట ఆపినా దొంగతనమే" అనేవాడు. ఒక్క కార్డు ముక్క కోసం వానలో గొంగడి కప్పుకుని తండా దాకా నడిచిపోయిన మనిషి. మొదటి పట్టింపును నేను ఆయనకంటే ఎక్కువగా పట్టుకున్నాను. దేవుడి గూటి పక్కన మేకుకు ఒక గుడ్డసంచి వేలాడదీసి, ఇంట్లోకి వచ్చిన అచ్చుకాగితమల్లా అందులో వేసేదాన్ని. మందుల చీటీలు, సరుకులు కట్టిచ్చిన పేపరు ముక్కలు, ఏవైనా సరే. పుస్తకమైతే అట్ట వేసి, కుట్టి, పసుపు పెట్టిగానీ సంచిలో పెట్టేదాన్ని కాదు. రెండో పట్టింపును ఎలా తప్పానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బాపు కొలువు దిగాక మేము నల్లగొండకు వచ్చేశాం. అమ్మ అప్పటికే లేదు. మా అన్న నరహరి ఇంటి ముందు గదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. చెప్పులు బయట విడిచి రావాలి, గుడిలోకి వచ్చినట్టు. ప్రతి మానిటర్ నెత్తిన కుంకుమ బొట్టు. కొత్త థర్మాకోల్ వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, కూలర్‌లోని తడి గడ్డి వాసన, నేను వెలిగించిన ఊదుబత్తి వాసన అన్నీ కలిసిపోయి ఉండేవి. ఆ గదికీ నా గదికీ మధ్య ఒక తెరగుడ్డ మాత్రమే. పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ అవతల చెప్పే పాఠాలన్నీ వినేదాన్ని. ఏదో ఒక రోజు అన్న ఆ గుడ్డ తీసి, రా చెల్లె, నువ్వు గూడ ఒక మిషన్ దగ్గర కూసో అంటాడని ఎదురుచూశాను. అన్న గుడ్డ తీశాడు. అయితే అది నసీమ్ వాళ్లమ్మకు నన్ను చూపించడానికి.

సెంటర్‌లో పాఠాలు చెప్పే కొలువుకు నసీమ్‌ను చిట్యాల నుంచి రోజూ బస్సులో పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి వాళ్లమ్మ స్వయంగా వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు ఉన్నారా అని అడిగింది. పీట మీద నేను. ఆమె నా ముఖం చూసింది, నా కాళ్లు చూసింది, దేవుడి గూట్లో వెలుగుతున్న దీపం చూసింది. "అయితే ఫికర్ లేదు" అన్నది. అలా నా కారణంగానే ఆ పిల్లకు మా ఇంట్లో కొలువు దొరికింది. డిగ్రీ చదివింది, కంప్యూటర్ కోర్సు చేసింది, నాకంటే ఆరేడేళ్లు చిన్న, మెట్లు రెండేసి ఎక్కి వచ్చేది. ఆ అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా నా మోకాళ్లలో నొప్పి కదిలేది.

అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే. మొదట్లో మా బాపును సార్ అని పిలిచేది. నెల తిరక్కుండానే బాపూ అనడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో నాకు సొంతమన్నది ఆ ఒక్క పిలుపే. బాపు ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, కళ్లజోడు ముక్కు మీదికి జారవిడిచి, నేర్చుకునే పిల్లవాడిలాగా.

"బాపూ, గిది జూడు. మౌస్ ఎటు జరిపితే బాణం అటు పోతది."

"అగో! గొడ్డుకు తాడు కట్టినట్టే ఉన్నది గదనే!"

నేను లోపలి నుంచి కేకేసేదాన్ని. "బాపూ, రొట్టె సల్లారుతాంది."

"వస్తున్న బిడ్డా. నువ్వు తిను."

నువ్వు తిను. అంతకుముందు ఆ మాట మా బాపు నోట నేను వినలేదు. సీతాఫలాల కాలం అది. గంపలో గడ్డి పరిచి కాయలు మగ్గబెట్టేవాళ్లం. కన్ను విడిచిన పెద్ద పండు ఎప్పుడూ నాదే. ఆ ఏడు బాపు పొద్దున్నే గంపలో చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే నొక్కి చూసి, అన్నిటికంటే పెద్దది పక్కన పెట్టేవాడు. "గీ పిల్ల బస్సుల నిలవడి వస్తది, ఆకలైతది" అనేవాడు. నేను మిగిలినవాటిలోంచి ఒకటి తీసుకుని గింజలు లెక్కపెడుతూ తినేదాన్ని.

అప్పుడు వచ్చింది ఆ లినక్స్ వ్యవహారం. ఊళ్లో ఒక ప్రైవేటు బడి కరస్పాండెంటు తన పిల్లలను జట్లు జట్లుగా మా సెంటర్‌కు పంపుతానన్నాడు. ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఉందని, దాన్ని ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చని ఆయనకు చెప్పింది నసీమే. ఆయన ఒక్క షరతు పెట్టాడు. "నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూపిస్తే తల్లిదండ్రులు ఏమంటరు? బొమ్మలుండాలె, రంగులుండాలె. ఆదివారం వచ్చి చూస్త." అన్న దీని కోసమే ఒక కొత్త కంప్యూటర్ తెప్పించాడు, కొత్త రకం డిస్‌ప్లే కార్డుతో. లినక్స్ ఎక్కింది. తెల్ల అక్షరాలు వచ్చాయి. రంగుల డెస్క్‌టాప్ మాత్రం రాలేదు.

"కార్డు మరీ కొత్తది బాపూ. లినక్స్ దగ్గర దీన్ని నడిపే ప్రోగ్రాం, డ్రైవర్ అంటరు, అది లేదు. ఉన్నవాటిలోనే ఏదో ఒకటి దీనికి కుదరాలె" అన్నది నసీమ్.

బాపు ఆలోచించి అన్నాడు. "అంటే కొత్తగ కొలువుల చేరిన టపా మనిషన్నట్టు. ఊరి పేరు తెల్సు, వాడకట్టు తెల్వది. జాబు చేతుల వట్టుకొని నడి బజార్ల నిలవడ్డడు."

"అచ్చం గట్లనే బాపూ! ఎంత మంచిగ జెప్పినవ్!"

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. టపా పోలికలన్నీ నా పాఠాలవి. భిన్నాలు నేర్పినా, వ్యాకరణం నేర్పినా ఆయన టపా సంచితోనే నేర్పేవాడు. ఇప్పుడు ఆ పోలికను ఆమెకు ఇచ్చేశాడు, పెద్ద సీతాఫలాన్ని ఇచ్చినట్టే.

కావలసినవి రెండు. కార్డు మీద ఉన్న చిప్పు పేరు ఒకటి. మానిటర్ సెకనుకు ఎన్ని గీతలు గీయగలదు, తెరను ఎన్నిసార్లు నింపగలదు అన్న అంకెలు రెండోది. అవి తప్పు చెబితే తెర రాదు, మరీ ఎక్కువ చెబితే మానిటర్ చెడిపోనూ వచ్చు. "బుక్కుల రాసి ఉంటది అన్నా. మానిటర్‌తోని బుక్కు రాలేదా?" అని అడిగింది. అన్న అట్టపెట్టెలన్నీ తిరగేశాడు. దొరకలేదు. ఎలా దొరుకుతుంది? పెట్టె విప్పిన రోజే నేను ఆ పుస్తకాన్ని తీసి, కార్డుతో వచ్చిన మడత కాగితాన్ని కూడా దాని లోపల కలిపి కుట్టి, అట్ట వేసి, పసుపు పెట్టి సంచిలో దాచాను. అర్థం తెలియని స్తోత్రం చదివినట్టు రోజూ కాస్త చదివాను కూడా. ముప్పై నుంచి యాభై నాలుగు, యాభై నుంచి నూట ఇరవై. ఆ అంకెలు నాకు నోటికి వచ్చు.

నసీమ్ తెరగుడ్డ తొలగించింది. "సుగుణక్కా, మానిటర్ బుక్కు ఏడన్న జూసినవా? పల్చగుంటది, ఇంగ్లీషుల."

నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. తలెత్తలేదు. "సూడలే" అన్నాను.

ఒక్క మాట. అంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు.

మూడు రోజులు. మొదటి రోజు నసీమ్ ఆ సీడీలోని కార్డుల జాబితా పట్టుకుని, పేరు దగ్గరగా ఉన్నవన్నీ ఒక్కొక్కటే ప్రయత్నించింది. ప్రతిసారీ తెర నల్లబడి, మళ్లీ తెల్ల అక్షరాలు తిరిగొచ్చేవి, తెర దొరకలేదని చెప్పడానికి. రెండో రోజు ఏ కార్డుకైనా పనిచేసే మామూలు పద్ధతిలో పెడితే డెస్క్‌టాప్ వచ్చింది, కానీ బొమ్మలన్నీ బండరాళ్లంత. విండో తెరిస్తే దాని కింది భాగం తెర దిగువకు పోయేది, నొక్కవలసిన మీట కనిపించేది కాదు. అన్న నవ్వాడు. "పెండ్లికి పిలిచి గడపల్నే నిలవెట్టినట్టున్నది. గిది జూపిస్తే గాయన మల్ల మన దిక్కు రాడు." మూడో రోజు, శనివారం, ఆమె అంకెలు ఊహించి వేసింది. మానిటర్ ఈల వేసినట్టు కీచుమన్నది. బొమ్మ ముక్కలు ముక్కలుగా పైకి దొర్లింది. అన్న పరుగున వచ్చి వైరు పీకేశాడు.

"కాలవెడ్తవా ఏంది దాన్ని? రేపు గాయన వస్తడు. పొద్దుగూకేలోపు కాకుంటే సోమవారంసంది రాకు. ఇంకోలను జూస్కుంట."

"రాకంటే రాను గని అన్నా" అన్నది నసీమ్. "ఇంట్ల గూడ గదే అంటున్నరు. ఈ పని నిలవడకుంటే ఇంకేడికీ పంపరు నన్ను."

రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ మాట విని నా లోపల ఏదో చల్లబడింది. సోమవారం నుంచి మెట్ల మీద ఆ అడుగులు ఉండవు. పెద్ద పండు మళ్లీ నాదే.

మధ్యాహ్నం నమాజుకు నసీమ్ నా గదిలోకే వచ్చేది, శుభ్రంగా ఉంటుందని, ఎవరూ రారని. ఆ రోజూ వచ్చింది. ముఖం కడుక్కుని, నా మంచానికీ గోడకూ మధ్య చాప పరుచుకుంది. అదేం జాగా అంటే, సరిగ్గా నా గుడ్డసంచి వేలాడే చోటు. ఆమె వంగి నుదురు నేలకు ఆనించినప్పుడు ఆ సంచి ఆమె వీపుకు మూరెడు పైన ఉంది. నేను మంచం మీద కూర్చుని ఆ సంచినే చూస్తున్నాను. లోపల పుస్తకం మూల గుడ్డలోంచి పొడుచుకుని కనిపిస్తున్నట్టే అనిపించింది.

లేచి చాప మడుస్తుంటే ఆమెకు నేల మీద చిన్న పేపరు ముక్క కనిపించింది, పొద్దున చింతపండు కట్టిచ్చిన పొట్లానిది. వంగి తీసింది. దుమ్ము ఊది, కళ్లకద్దుకుంది. నేను చేసినట్టే, మా బాపు చేసినట్టే.

"మా అమ్మీ గూడ గిట్లనే అక్కా. రాత ఉన్న కాయితం కింద వడనియ్యది. ఏ భాషదైనా సరే." చెయ్యి పైకి చాచింది. "గీ సంచిల ఏస్తనా?"

"వద్దు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె చెయ్యి గాలిలో ఆగింది. "నేనేస్త లే. నువ్వు పో, అన్న పిలుస్తుండు" అన్నాను. ఎవరూ పిలవడం లేదు. ఆమె కాగితాన్ని నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయింది.

దేవుడి వైపు తిరిగి కూర్చున్నాను. నోట ఒక్క నామం కూడా రాలేదు. ఒక్క పూట ఆపినా దొంగతనమే అన్న మనిషి అవతలి గదిలోనే ఉన్నాడు. ఆయన కూతురు మూడు రోజులు ఆపింది. మంచం పట్టుకుని లేచాను, గోడ పట్టుకుని సంచి దించాను, పుస్తకం తీశాను. తెరగుడ్డ దాకా నడవడానికి నాకు చాలాసేపు పట్టింది. "నసీమ్, ఇగో. అట్టపెట్టెల అడుగున దొరికింది" అన్నాను.

అది నా చేతిలోంచి ఆమె చేతిలోకి పోయిన క్షణంలో నాకు తెలిసింది. అట్ట తీయలేదు. పెట్టె అడుగున పడి ఉన్న పుస్తకానికి క్యాలెండర్ కాగితం ఎవరు వేస్తారు? నీలం దారం ఎవరు కుడతారు? నసీమ్ ఆ కుట్ల మీద వేలు పెట్టి పై నుంచి కిందికి నడిపింది. పసుపు మూలను చూసింది. నన్ను చూసింది. నేను అలా గోడ పట్టుకుని నిలబడ్డాను.

అన్న వెనక నుంచి వచ్చాడు. "దొరికిందా? ఏడుండె?"

"నా సామాన్లల్నే ఉండె అన్నా" అన్నది నసీమ్. "నేనే సూస్కోలే."

అన్న ఆమెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నీ దగ్గరే పెట్టుకొని మూడు దినాలు అందరి పానం దీసినవ్ అన్నది అందులో మెత్తని మాట. ఆమె తల వంచుకుని అన్నీ వింది. నేనూ విన్నాను. నోరు తెరవలేదు.

ఆ తర్వాత గంట కూడా పట్టలేదు. మడత కాగితంలో చిప్పు పేరు ఉంది. ఆ పేరుతో జాబితాలో ఒక డ్రైవర్ ఉంది, కార్డు పేరు వేరైనా. మానిటర్ అంకెలు వేసింది. తెర నల్లబడింది, తర్వాత బూడిదరంగు చుక్కలతో నిండింది, నడిమధ్యలో చిన్న ఇంటూ గుర్తు నిలబడింది. అప్పుడు రంగులు వచ్చాయి. కింద మూలన ఒక పాదం గుర్తు. గ్నోమ్ అనే ఆ డెస్క్‌టాప్ గుర్తు అదేనట.

"శ్రీపాదం!" అని బాపు రెండు చేతులూ జోడించాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు. "నాలుగే వేళ్లున్నయి గదనే?"

నసీమ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఐదోది రేపు కరస్పాండెంట్ సార్ తెస్తడు బాపూ."

ఆయన వచ్చాడు, చూశాడు, పిల్లలను పంపాడు. నసీమ్ కొలువు నిలిచింది. ఆ శనివారం సాయంత్రం బాపు నా దగ్గరికి వచ్చి పీట పక్కన కూర్చున్నాడు. కాసేపు నాతో పాటు చిక్కుడుకాయలు వలిచాడు. లేచేటప్పుడు అన్నాడు. "అట్ట మంచిగ వేసినవ్ బిడ్డా." అంతే. ఆయన పోయేదాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి వారమే నసీమ్ అన్నను అడిగింది. "మధ్యాహ్నం ఒక మిషన్ ఖాళీగ ఉంటది. సుగుణక్కకు టైపింగ్ నేర్పుత. జర ఎత్తు తక్కువ బల్ల చేపియ్యన్నా." నేను ఏళ్లుగా ఎదురుచూసిన మాట ఆమె నోట వచ్చింది. ఈ వాక్యాలు కొడుతున్న వేళ్లు ఆమె నేర్పినవే. దానికి ఎంత కృతజ్ఞత ఉందో అంత మంటా ఉండేది. మంచితనంలో కూడా నన్ను దాటిపోయిందే అని. పెళ్లయి పాలమూరు పోయేటప్పుడు "గీ బుక్కు నేను వెట్టుకుంటనక్కా" అన్నది. నేను తలూపాను. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. తర్వాత ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసిందో, అన్నిసార్లూ నేను ఆరోగ్యం గురించే మాట్లాడాను.

కలీం వెళ్లాక పుస్తకం ప్రతి పేజీ తిప్పాను, ఏమైనా రాసిందేమోనని. ఏమీ లేదు. ఆ మానిటర్ అంకెల కింద పెన్సిల్ గీత ఒక్కటే. క్షమించి పంపిందో, గుర్తుచేయడానికి పంపిందో నాకు తెలియదు.

మొన్న మా అన్న కూతురు నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, పెద్ద మానిటర్ తగిలించింది. చాయ్ చల్లారేలోపు రంగులన్నీ వచ్చేశాయి. మానిటర్ అంకెలు అడగలేదా అన్నాను. "వైరు పెట్టంగనే మానిటర్ తన సంగతి తనే చెప్పుకుంటది అత్తమ్మా. మనం చెప్పేదేం లేదు" అని నవ్వింది. యంత్రాలు నేర్చుకున్నాయి. నాకు ఇన్నేళ్లు పట్టింది, అదీ వినవలసిన మనిషి పోయాక.

చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. ఏ దేవుడికి మొక్కేవారైనా, ఎప్పుడైనా ఒక్క నిమిషం నసీమ్‌ను తలుచుకోండి. చిట్యాల బస్సులో నిలబడి వచ్చి, చెయ్యని తప్పుకు తల వంచుకుని మాటలు పడ్డ పిల్లను. నాకంటే ముందు ఆమెను తలుచుకోండి. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ లోపల కొంచెం మండుతూనే ఉంది. అయినా ఆమెనే తలుచుకోండి.